పళ్లెం ఫొటోకు అందని కేలరీల లెక్క

విస్తరి ముందు కూర్చున్నవాడు మొదట చేయి కడుక్కోవడం మన ఆచారం. ఇప్పుడు నగరాలలో చాలామంది ముందుగా సెల్‌ఫోన్ బయటికి తీస్తున్నారు. పళ్లెంలోని పదార్థాలను ఒక్క ఫొటో తీస్తే చాలు, అందులో ఎన్ని కేలరీలున్నాయో, పిండిపదార్థాలెన్నో, మాంసకృత్తులెన్నో, కొవ్వు ఎంతో క్షణాలలో చెప్పే యాప్‌లు అందుబాటులోకి రావడమే ఇందుకు కారణం. బరువు తగ్గదలచినవారు, మధుమేహం బారిన పడినవారు, వ్యాయామశాలలకు వెళ్లే యువకులు వీటిని నమ్ముకుని రోజువారీ తిండిని లెక్కవేసుకుంటున్నారు.

అయితే ఏళ్ల తరబడి అలవాటుపడిన యాప్ క్రమంగా దారి తప్పితే పరిస్థితి ఏమిటి? నిన్నటివరకు పెసరట్టుగా గుర్తించినదాన్ని నేడు మరేదో వంటకంగా చూపవచ్చు. ఉచితంగా ఉన్న సౌకర్యాలకు ఒక్కొక్కటిగా రుసుము పెట్టవచ్చు. ఫిర్యాదు చేస్తే జవాబు రాకపోవచ్చు. ఇటువంటి లక్షణాలు కనిపించినప్పుడు వినియోగదారుడు ప్రత్యామ్నాయం వెతుక్కోక తప్పదు. ప్రకటనల హోరులో ఏది మేలైనదో, ఏది పైపై మెరుగో తేల్చుకోవడమే అసలు చిక్కు.

చిన్న సమస్య కాదు

ఇది కొద్దిమంది సంపన్నుల ముచ్చటగా కొట్టిపారేయడానికి వీలులేదు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో బాధపడుతున్నారని, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని అందులో తేలింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 24 శాతం మహిళలు, సుమారు 23 శాతం పురుషులు ఉండవలసినదానికన్నా ఎక్కువ బరువున్నారు. ఆంధ్రప్రదేశ్ మహిళలలో ఇది 36 శాతం, తెలంగాణ మహిళలలో 30 శాతం.

తిండిని అదుపులో పెట్టుకోమని వైద్యుడు చెప్పినప్పుడు ఎంత తింటున్నామో తెలియడం మొదటి మెట్టు. ఆ మొదటి మెట్టే వంకరగా ఉంటే తక్కిన శ్రమంతా వృథా అవుతుంది. రోజుకు 1,500 కేలరీలే తింటున్నానని యాప్ చెప్పిన మాట నమ్మి, వాస్తవానికి 1,900 తింటున్నవారు నెలల తరబడి బరువు తగ్గక నిస్పృహకు లోనవుతారు. లోపం తమ పట్టుదలలో ఉందనుకుంటారే తప్ప లెక్కలో ఉందని అనుమానించరు.

కెమెరా కంటికి కనిపించనిది

ఫొటో నుంచి కేలరీలు రాబట్టడంలో మూడు అంచెలున్నాయి. పళ్లెంలో ఉన్నదేమిటో గుర్తించడం మొదటిది. అది ఎంత పరిమాణంలో ఉందో అంచనా వేయడం రెండవది. ఆ పదార్థం 100 గ్రాములకు ఎన్ని కేలరీలో పట్టికలో చూసి గుణించడం మూడవది. ఏ అంచెలో తప్పు దొర్లినా చివరి అంకె తప్పుతుంది. మూడింటిలోనూ కొద్దికొద్దిగా దొర్లితే ఆ అంకెకు అర్థమే ఉండదు.

మొదటి అంచెలో యంత్రానికి శిక్షణ ప్రధానం. ఈ రంగంలో పరిశోధకులు విరివిగా వాడిన ఫుడ్-101 అనే ఫొటోల సంకలనాన్ని 2014లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు రూపొందించారు. అందులో 101 రకాల వంటకాల ఫొటోలు 1,01,000 ఉన్నాయి. సమోసాకు చోటు దక్కింది కాని ఇడ్లీకి, దోసెకు దక్కలేదు. గూగుల్ పరిశోధకులు 2015లో ఫొటో నుంచి కేలరీలు లెక్కించే ప్రయత్నాన్ని ప్రకటించి సంచలనం రేపారు. 2021లో వారు విడుదల చేసిన న్యూట్రిషన్5కే సంకలనంలో సుమారు 5,000 పళ్లేలను తూచి మరీ నమోదు చేశారు. ఆ పళ్లేలు కాలిఫోర్నియాలోని ఆ సంస్థ క్యాంటీన్లవి. ఆ తర్వాత యంత్రాల చూపు ఎంతో మెరుగుపడినప్పటికీ, శిక్షణలో చూడని వంటకాన్ని దగ్గరి పోలికతో ఊహించే గుణం వాటిని పూర్తిగా వదలలేదు.

రెండవ అంచెలో లోతు తెలియదు. గిన్నెలోని సాంబారు రెండంగుళాలుందో, నాలుగంగుళాలుందో పైనుంచి తీసిన ఫొటో చెప్పలేదు. అన్నిటికంటె పెద్ద చిక్కు నూనె, నెయ్యి. వేడి అన్నంలో కరిగిన నెయ్యి మన కంటికే కనిపించదు. ఇక కెమెరాకు ఎలా కనిపిస్తుంది? కొవ్వు గ్రాముకు 9 కేలరీలిస్తే, పిండిపదార్థాలు, మాంసకృత్తులు 4 చొప్పున ఇస్తాయి. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కేలరీలున్నాయి. వంకాయ కూరలో రెండు చెంచాల నూనె లెక్కకు రాలేదంటే ఉడికిన అన్నం సుమారు 180 గ్రాములు లెక్క తప్పినట్లే.

మన తిండికి మన పట్టిక

మూడవ అంచె విషయంలో మనకు ఒక వరం ఉంది. కూనూరులో 1918లో ఒకే గది ప్రయోగశాలగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా భారతీయ ఆహార పదార్థాలను విశ్లేషిస్తున్నది. 2017లో ఆ సంస్థ ప్రచురించిన పట్టికలలో దేశంలోని ఆరు ప్రాంతాల నుంచి సేకరించిన 528 ఆహార పదార్థాల వివరాలున్నాయి. ఆ పట్టికల ఆధారంగా నడిచే యాప్‌కు, ఎవరు పడితే వారు రాసిపెట్టిన అంకెలతో నడిచే యాప్‌కు హస్తిమశకాంతరం ఉంటుంది.

ఒక్క బియ్యం సంగతే చూద్దాం. పచ్చి బియ్యం 100 గ్రాములకు సుమారు 356 కేలరీలు. అదే బియ్యం నీరు పీల్చి ఉడికిన తర్వాత 100 గ్రాముల అన్నంలో ఉండేది దాదాపు 130 కేలరీలే. ఈ రెంటినీ కలగాపులగం చేసిన యాప్ ఒక్క పూటలోనే లెక్కను దాదాపు మూడింతలు చేయగలదు. బంగ్లాదేశ్ కూడా 2013లో తన ఆహార పదార్థాలకు సొంత పట్టిక రూపొందించుకుంది. దక్షిణాసియా వంటిళ్లకు పాశ్చాత్య కొలతలు చాలవన్న గ్రహింపే ఇందుకు మూలం.

యాప్‌లు ఎందుకు నీరసిస్తాయి?

ఈ వ్యాపారంలో రాబడి, ఖర్చుల పొంతన కుదరడం కష్టం. పంపిన ప్రతి ఫొటోను విశ్లేషించడానికి సంస్థకు ఎంతో కొంత ఖర్చవుతుంది. ఎక్కువమంది వినియోగదారులు ఉచితంగానే వాడుకోవాలనుకుంటారు. చందాదారుల సంఖ్య చాలనప్పుడు సంస్థ ముందు మూడే దారులుంటాయి: ఉచిత సౌకర్యాలకు కోత పెట్టడం, చౌకరకం విశ్లేషణకు మారడం, మరొకరికి అమ్ముకోవడం.

కేలరీల లెక్కల రంగంలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన మైఫిట్‌నెస్‌పాల్ ఉదంతం ఇందుకు నిదర్శనం. 2005లో మొదలైన ఈ సంస్థను క్రీడా దుస్తుల కంపెనీ అండర్ ఆర్మర్ 2015లో 47.5 కోట్ల డాలర్లకు కొన్నది. 2018లో సుమారు 15 కోట్ల ఖాతాల సమాచారం చోరీకి గురైంది. 2020లో అండర్ ఆర్మర్ దానిని 34.5 కోట్ల డాలర్లకే మరో పెట్టుబడి సంస్థకు అమ్మివేసింది. అంతవరకు ఉచితంగా ఉన్న బార్‌కోడ్ సౌకర్యం 2022 అక్టోబరులో చందాదారులకే పరిమితమైంది. యాప్ మూతపడలేదు. కాని యాజమాన్యం మారినప్పుడల్లా వినియోగదారుడి హక్కుభుక్తాలు ఎలా మారతాయో ఈ చరిత్ర చెబుతున్నది.

ఇదిలా ఉండగా, 2023 సెప్టెంబరు నుంచి చాట్‌జీపీటీ వంటి సాధనాలకు ఫొటోలను చూసి వివరించే శక్తి వచ్చింది. దానితో అటువంటి సాధనాన్నే అద్దెకు తీసుకుని, పైన కొత్త ముసుగు వేసి, కేలరీల యాప్‌గా విపణిలోకి దించడం సులువైంది. పేర్లు అనేకం, లోపలి యంత్రం ఒక్కటే అన్న పరిస్థితి ఏర్పడింది. కనుక కొత్త పేరు, అందమైన రంగులు చూసి మారినంతమాత్రాన లెక్క బాగుపడుతుందన్న భరోసా లేదు.

వంటింట్లోనే పరీక్ష

ప్రత్యామ్నాయాన్ని ఎంచుకోవడానికి ప్రకటనలకన్నా వంటింటి త్రాసు మంచి సాక్షి. ఉదాహరణకు 100 గ్రాముల కందిపప్పు, కొలిచిన రెండు పెద్ద చెంచాల నూనెతో పప్పు వండారనుకుందాం. పప్పు నుంచి సుమారు 330, నూనె నుంచి 240, వెరసి 570 కేలరీలు. గిన్నె బరువు మినహాయించి తూచినప్పుడు ఉడికిన పప్పు 600 గ్రాములుంటే, 150 గ్రాముల వడ్డన అందులో నాలుగో వంతు. అంటే 140 పైచిలుకు కేలరీలు. ఇప్పుడు ఆ వడ్డనను ఫొటో తీసి యాప్ ఏమంటుందో చూడాలి. అన్నం, ఇడ్లీ, ఒక వేపుడు, ఒక పులుసు వంటి నాలుగైదు నిత్య వంటకాలతో వారం రోజులు ఇలా సరిచూస్తే యాప్ గుణదోషాలు బయటపడతాయి.

ఆ వారంలో ముఖ్యంగా గమనించవలసినవి నాలుగు. మొదటిది నిలకడ. ఒకే పళ్లేన్ని మూడుసార్లు ఫొటో తీస్తే మూడు రకాల అంకెలు చెప్పే యాప్‌ను దూరం పెట్టడం మేలు. ఎప్పుడూ పదో వంతు తక్కువే చెప్పే యాప్‌తోనైనా సర్దుకోవచ్చు, ఆ పదో వంతు కలుపుకోవచ్చు. ఒకనాడు ఎక్కువ, మరునాడు తక్కువ చెప్పేదానితో సర్దుకోవడం అసాధ్యం. రెండవది దిద్దుబాటు. వంటకం పేరును, బరువును, నూనె పాలును మనం సరిదిద్దగలగాలి. సరిదిద్దినది యాప్ గుర్తుపెట్టుకోవాలి. మూడవది, ఇంటి వంటలను మన కొలతలతో నమోదు చేసి దాచుకునే వీలు. నాలుగవది, అంకెలు ఏ పట్టిక నుంచి వచ్చాయో చెప్పే నిజాయితీ. ఫొటో తీయడమొక్కటే మార్గంగా చూపి, చేత్తో రాసుకునే అవకాశం ఇవ్వని యాప్ ఎంత గొప్పదైనా అక్కరకు రాదు.

హోటల్ తిండికి మరో ఆధారముంది. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 నిబంధనల ప్రకారం 10 లేదా అంతకు మించి శాఖలున్న హోటళ్లు తమ వంటకాల కేలరీలను ప్రదర్శించాలి. 2022 జులై నుంచి ఇది అమలులో ఉంది. అటువంటి చోట ఫొటోకన్నా పట్టికలోని అంకెనే తీసుకోవడం ఉత్తమం.

వదిలే ముందు జాగ్రత్తలు

పాత యాప్‌ను ఫోన్ నుంచి తొలగించినంతమాత్రాన చందా రద్దు కాదు. ఈ సంగతి తెలియక చాలామంది నష్టపోతున్నారు. చందాను విడిగా రద్దు చేసుకోవాలి. 2021 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల మేరకు ఖాతా నుంచి చందా సొమ్ము దానంతట అదే తీసుకునేటప్పుడు 24 గంటల ముందు కబురు పంపాలి. ఆ కబురును చూసీచూడనట్లు వదిలేయకూడదు. చేరడం సులభం, వదలడం దుర్లభంగా ఉండే చందా ఉచ్చును కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ప్రకటించిన మార్గదర్శకాలలో అనుచిత పద్ధతుల కింద చేర్చింది. కొత్త యాప్‌కు మొదటే ఏడాది చందా కట్టకుండా నెల చందాతో సరిపెట్టుకోవడం విజ్ఞత.

అంతకంటె విలువైనది ఏళ్లుగా పోగుపడిన సమాచారం. ఏ పూట ఏమి తిన్నారో, బరువు ఎలా మారిందో తెలిపే ఆ చిట్టా వైద్యుడికి ఎంతో ఉపకరిస్తుంది. యాప్ మూతపడకముందే దానిని దింపుకుని భద్రపరచుకోవాలి. ఆ తరువాత ఖాతాను తొలగించమని కోరాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం సమాచారాన్ని తొలగించమని కోరే హక్కును పౌరులకు కల్పించింది. నియమాలను 2025 నవంబరులో ప్రకటించినప్పటికీ, ప్రధాన బాధ్యతల అమలుకు సంస్థలకు 18 నెలల గడువిచ్చారు. కనుక చట్టం ఉందన్న ధీమాతో ఊరుకోకుండా ఎవరి జాగ్రత్తలో వారుండాలి.

అంకె సహాయకారి మాత్రమే

ఎంత మంచి యాప్ అయినా వైద్యుడి స్థానాన్ని భర్తీ చేయలేదు. ఫొటో చెప్పిన అంకెను చూసి ఇన్సులిన్ మోతాదు మార్చుకోవడం ప్రాణాపాయం. కేలరీలు సమానంగా ఉన్న రెండు భోజనాలు రక్తంలో చక్కెరను ఒకే తీరున పెంచవు. అంకెల ధ్యాసలో పడి తిండిపై భయం పెంచుకునేవారు, ముఖ్యంగా ఎదిగే వయసు పిల్లలు, ఈ లెక్కలకు దూరంగా ఉండడమే క్షేమం.

యాప్ అవసరమే లేదనుకునేవారికి కూడా దారి ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాలు రోజువారీ కేలరీలలో ధాన్యాల వాటా 45 శాతానికి మించరాదని సూచిస్తున్నాయి. మన భోజనంలో అన్నం కొండంత, కూర గోరంత ఉంటున్నదన్నది జగమెరిగినదే. ఆ పాళ్లు మార్చుకోవడానికి కెమెరా అక్కరలేదు. ఇంటికి నెలకు ఎన్ని లీటర్ల నూనె వస్తున్నదో, ఎంతమంది తింటున్నారో లెక్కవేయడానికి కాగితం, కలం చాలు. ఏ ఫొటోకూ అందని ఆ నూనె లెక్క కిరాణా చీటీలో స్పష్టంగా కనిపిస్తుంది.