ట్రాక్టర్ స్టీరింగ్ ఆడుతోందా?

పొలం దారిలో ఖాళీగా పోయేటప్పుడు స్టీరింగ్ కాస్త లూజుగా ఉన్నా తెలియదు. ధాన్యం బస్తాలతో రోడ్డెక్కాక, ఎదురుగా లారీ వచ్చిన వేళ బండి పక్కకు లాగితే మాత్రం ప్రాణాల మీదికొస్తుంది.

పవర్ స్టీరింగ్ లేని బండిని సమతలంలో ఆపి, ముందు చక్రాలు సూటిగా ఉంచి, స్టీరింగ్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి చూడాలి. అంచు దగ్గర రెండు అంగుళాలు దాటి తిరిగినా చక్రాలు కదలకపోతే లోపం ఉన్నట్లే.

చాలామంది వెంటనే స్టీరింగ్ బాక్సు స్క్రూ బిగించేస్తారు. ఇది మంచిది కాదు. అతిగా బిగిస్తే స్టీరింగ్ పట్టేస్తుంది, లోపలి పళ్లు అరుగుతాయి. ముందు కింద చూడాలి.

ఒకరు స్టీరింగ్ ఆడిస్తుంటే ఇంకొకరు రాడ్ల చివర్లలోని బాల్ జాయింట్లు పట్టుకుని చూడాలి. గుండు లోపల టకటక ఆడితే జాయింటు మార్చాల్సిందే. కొత్త స్ప్లిట్ పిన్ను మరవకూడదు.

తర్వాత ముందు భాగం జాకీతో లేపి, గట్టి దిమ్మ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాలి. ఆడితే బేరింగు వదులైందనో, కింగ్‌పిన్ బుష్ అరిగిందనో అర్థం. రెండు ముందు టైర్లలో గాలి సమానంగా ఉండాలి. చక్రాల ముందువైపు దూరం వెనకవైపు కంటే కొద్ది మిల్లీమీటర్లు తక్కువుండాలి. ఎంతన్నది బండి పుస్తకంలో ఉంటుంది.

ఇవన్నీ సరిచేశాకే బాక్సులో ఆయిల్ చూసి, మెకానిక్ చేత స్క్రూ సర్దించాలి.

దమ్ము చేసిన రోజు బురద కడిగి, జాయింట్లకు గ్రీజు కొట్టిస్తే ఈ అరుగుదల చాలావరకు తగ్గుతుంది.