సెలవుల్లో ఒక వంకర గిన్నె



పోయిన నెల యూకేజీ పిల్లల ప్రాజెక్టులన్నీ క్లాసులో బల్లల మీద పెట్టాం. థర్మాకోల్ ఇళ్లు, ఐస్‌క్రీమ్ పుల్లల బావులు, చమ్కీ అద్దిన సూర్యుళ్లు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. ఒక బాబు పక్కన కూర్చుని, "ఇందులో నువ్వేం చేశావు నాన్నా?" అని అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, "గమ్ డబ్బా పట్టుకున్నా టీచర్" అన్నాడు.

నవ్వొచ్చింది. కానీ ఆ బాబు వాళ్లమ్మను తప్పు పట్టే అర్హత నాకు లేదు. మా అమ్మాయి చిన్న క్లాసులో ఉన్నప్పుడు, అది నిద్రపోయాక రాత్రి పదకొండింటికి కూర్చుని, దూదితో మేఘాలు, రంగు కాగితాలతో ఇంద్రధనుస్సు నేనే చేసి పంపాను. మర్నాడు సాయంత్రం అది ఇంటికొచ్చి చెప్పిన మాట: "మమ్మీ, నీకు ఫస్ట్ ప్రైజ్ వచ్చింది." ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ మా బీరువాలో ఉంది, దాని మీద పేరు మాత్రం పాపదే.

అందుకే ఈ సంక్రాంతి సెలవులకు నర్సరీ నుంచి ఒకటో తరగతి వరకు "ఫలానా మోడల్ చేసి తీసుకురండి" అని ఇవ్వడం లేదు. ఇంట్లో ఉన్న వస్తువులతో, పిల్లల చేతులతో చేసినది ఏదైనా ఒకటి చాలు. ఫ్యాన్సీ షాపుకి వెళ్లి కిట్ కొనాల్సిన పని లేదు. ఎలా ఉన్నా తీసుకుంటాం. నీట్‌నెస్‌కి మార్కులు ఉండవు.

ఇది ఎందుకంటే, యూకేజీ తల్లులు పేరెంట్స్ మీటింగులో మమ్మల్ని ఎక్కువగా అడిగేది రాత గురించే. "రెండు లైన్లు రాస్తే చెయ్యి నొప్పి అంటోంది", "పెన్సిల్ గట్టిగా నొక్కి పేజీ చింపేస్తున్నాడు". ఇంకో రెండు పేజీలు ఎక్కువ రాయిస్తే సరిపోతుందని మనకు అనిపిస్తుంది. కానీ నాలుగైదేళ్ల పిల్లల మణికట్టులో ఉండే చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా ఏర్పడవు, వేళ్లను కదిలించే చిన్న కండరాలకు బలం చాలదు. ఆ బలం పిసకడం, చింపడం, గిల్లడం, చుట్టడం, పిండడం లాంటి పనులతో వస్తుంది. మన ముందు తరం పిల్లలకి చిక్కుడుకాయలు ఒలవడం, పూలు గుచ్చడం, చపాతీ పిండితో పిట్టలు చేయడం ఇంట్లోనే దొరికేవి. ఇప్పుడు వేలితో ఫోన్ తెర మీద తోయడం తప్ప చేతికి వేరే పని తక్కువ. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే దశగా తీసుకుని, ఆ వయసులో చదువు ఆటల ద్వారా, చేతి పనుల ద్వారా సాగాలని చెబుతుంది.

ఇక అసలు పనిలోకి వద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది కాగితం గుజ్జు గిన్నె.

మీ ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే ముందు వాళ్లని అడగండి. వెదురు చాటలకు, బుట్టలకు సందులు పడితే పాత కాగితాలు, మెంతులు నానబెట్టి రుబ్బి, ఆ ముద్ద పూసి ఎండబెట్టడం వాళ్లలో చాలామంది చూసే ఉంటారు. బియ్యం, పప్పులు చెరిగినా గింజ జారేది కాదు. మెంతుల జిగురు కాగితాన్ని పట్టి ఉంచుతుంది, చేదుకి పురుగు రాదని పెద్దవాళ్ల మాట. మనం చేసేది అదే, కాకపోతే చాటకు బదులు చిన్న గిన్నె.

నాలుగైదు న్యూస్‌పేపర్ షీట్లు పిల్లలకి ఇచ్చి గోరంత ముక్కలుగా చింపమనండి. తొందరపెట్టకండి, ఈ చింపడమే సగం వ్యాయామం. మొదట పెద్ద పెద్ద ముక్కలు వస్తాయి, పావుగంట తర్వాత వేళ్లు దారికొస్తాయి. ఒకరోజులో అవ్వకపోతే మర్నాడు చింపుకోవచ్చు. ఆ ముక్కల్ని బకెట్లో రెండు రోజులు నాననివ్వండి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. రెండో రాత్రి మూడు చెంచాల మెంతులు విడిగా నానబెట్టండి. మర్నాడు కాగితాన్ని, మెంతుల్ని విడివిడిగా మిక్సీలో మెత్తగా వేయడం మీ పని. కాగితం గుజ్జును పలుచటి గుడ్డలో వేసి నీళ్లు పిండడం పిల్లల పని. ఇల్లంతా తడుస్తుంది, కాబట్టి బాల్కనీలోనో బాత్‌రూములోనో పెట్టుకోండి. పిండిన గుజ్జులో మెంతి ముద్ద కలిపి, గారెల పిండిలా వచ్చేదాకా పిసకమనండి.

ఒక స్టీలు గిన్నె బోర్లించి, దాని మీద ప్లాస్టిక్ కవరు కప్పి, ఈ ముద్దను పైనుంచి కిందికి అద్దుకుంటూ రావాలి. మందం అర సెంటీమీటరు ఉంటే చాలు. ఎక్కువైతే ఎండదు, తక్కువైతే చిల్లు పడుతుంది. చిల్లు పడిందా, పడనివ్వండి, ఇంకొంచెం ముద్ద పెట్టి పూడ్చడం వాళ్లే నేర్చుకుంటారు. ఒకరోజు ఎండలో పెట్టి, సగం ఆరాక స్టీలు గిన్నె మీద నుంచి మెల్లగా తీసి, లోపలి వైపు కూడా ఎండేలా ఇంకో రెండు రోజులు ఉంచండి. పూర్తిగా ఆరేదాకా గిన్నె మీదే వదిలేస్తే కాగితం బిగుసుకుని పగుళ్లు రావచ్చు.

చివరికి అంచు ఎగుడుదిగుడుగా, ఒకవైపు వాలిన గిన్నె వస్తుంది. కొన్నాళ్లు మెంతుల వాసన కూడా వేస్తుంది. తడి వస్తువులు పెట్టకూడదు గానీ క్లిప్పులు, చిల్లర, గోలీలు దాచుకోవడానికి బాగా పనికొస్తుంది. మీ ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడితే, ఒక మెట్టు మీద దీనికి చోటివ్వండి. కొలువులో కొండపల్లి బొమ్మలు ఉంటే అవి ఎలా అతుక్కున్నాయో కూడా పిల్లలకి చెప్పొచ్చు. తెల్ల పొణికి చెక్కతో చేసిన చేతులు, కాళ్లు, తలలు అతికించడానికి అక్కడి కళాకారులు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన 'మక్కు' వాడతారు. వంటింటి జిగురుతో బొమ్మలు చేయడం మన దగ్గర కొత్త సంగతి కాదు.

జిగురు మాట వచ్చింది కాబట్టి, కాగితాలు అతికించుకోవడానికి మైదా జిగురు చాలు. రెండు చెంచాల మైదాను అర గ్లాసు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద తిప్పుతూ నిగనిగలాడేదాకా ఉడికిస్తే అయిపోతుంది. చల్లారాకే పిల్లల చేతికివ్వండి. ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు పాడవకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు. మీరు మాత్రం కలపకండి, అది విషం.

ఎల్‌కేజీ పిల్లలకి అంత ఓపిక ఉండదు. వాళ్లకి పసుపు కాగితం ఇవ్వండి. చెంచాడు పసుపు కొంచెం నీళ్లలో కలిపి, దూదితో తెల్లకాగితం అంతా రాసి నీడన ఆరనివ్వాలి. పాత టీషర్టు వేసి కూర్చోబెట్టడం మర్చిపోకండి. ఇప్పుడు బట్టల సబ్బు నీళ్లలో ఇయర్‌బడ్ ముంచి ఆ కాగితం మీద బొమ్మ గీస్తే, గీత ఎర్రగా వస్తుంది. ఆ ఎర్ర గీత మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు. పప్పు మరకపడ్డ చొక్కాకి సబ్బు రాయగానే మరక ఎర్రబడటం మీరెన్నోసార్లు చూసి ఉంటారు, అదే ఇది. పసుపులో ఉన్న రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రగా, పులుపు తగిలితే మళ్లీ పసుపుగా మారుతుంది. పసుపు, సున్నం కలిపి పారాణి చేసేది కూడా ఈ గుణంతోనే. పిల్లలు చేసే పనిలో సున్నం వద్దు, కంట్లో పడితే చాలా ప్రమాదం. సబ్బు నీళ్లు కూడా చిన్న మూతలో కొంచెమే పోసి, దగ్గరుండి చేయించండి. నచ్చకపోతే వంటసోడా నీళ్లు వాడండి, రంగు కాస్త లేతగా వస్తుంది.

ఉప్పు రంగులు ఇంకా తేలిక. పళ్లెంలో మెత్తటి ఉప్పు పోసి, రంగు చాక్‌పీసుని అడ్డంగా పెట్టి దాని మీద అటూ ఇటూ దొర్లిస్తే ఉప్పు ఆ రంగు పట్టుకుంటుంది. గచ్చు మీద మీరొక ముగ్గు వేయండి, లోపల నింపడం పిల్లలకి వదిలేయండి. చిటికెడు చిటికెడు పోయడమంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పనిచేయడం. పెన్సిల్ పట్టుకునేదీ ఆ మూడు వేళ్లే.

ఒకటో తరగతి వాళ్లకి దారం టెలిఫోన్. రెండు పేపర్ కప్పుల అడుగున సూదితో చిల్లు మీరు పొడిచివ్వండి, పదిహేను అడుగుల దారం గుచ్చి, లోపల తల తీసేసిన అగ్గిపుల్ల ముక్కకి ముడి వేస్తే జారిపోదు. దారం బిగుతుగా ఉంటేనే మాట వినిపిస్తుంది, వదులైనా గోడకి తగిలినా వినిపించదు. ఎందుకో మీరు చెప్పకండి. నాన్న హాల్లో, పిల్లాడు బెడ్‌రూములో ఉండి పదినిమిషాలు అరుచుకుంటే వాళ్లకే తెలుస్తుంది. ఇలా పారేసే వస్తువులతో సైన్సు చెప్పే బొమ్మలు చేయడమే జీవితంగా పెట్టుకున్న అరవింద్ గుప్తా, ఐఐటీ కాన్పూర్‌లో ఇంజనీరింగ్ చదివినవారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆయన చేసిన నమూనాలు ఒకసారి చూపించండి.

పండక్కి ఊరు వెళ్తే ఈ జాబితా అంతా పక్కన పెట్టేయండి. కొబ్బరాకుతో బూర, గడియారం, పాము చేయడం వచ్చిన తాతయ్య ఎవరో ఒకరు ఉంటారు. ఆయన ముందు కూర్చోబెట్టి మీరు తప్పుకోండి.

జాగ్రత్తలు కొన్ని చెప్పక తప్పదు. కళ్లకు పడే చమ్కీ, వేడి గ్లూ గన్, అద్దం ముక్కలు ఈ వయసుకి వద్దు. బఠాణీలు, శనగలు, పూసలు, థర్మాకోల్ గుండ్లు ముక్కులో, చెవిలో పెట్టుకునే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. ఇంట్లో మూడేళ్లలోపు తమ్ముడో చెల్లో ఉంటే ఇవి అసలు నేల మీద ఉండకూడదు. పాత రిమోట్లు, బొమ్మలు విప్పి చేసే పనులైతే అందులోని బటన్ సెల్ ముందే తీసి దాచేయండి, మింగితే గంటల్లోనే లోపల కాలుస్తుంది. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. చాలాచోట్ల చెప్పే ఉప్పు పిండి బొమ్మల్లో ఉప్పు పిండికి సగం ఉంటుంది, తింటే చిన్న పిల్లలకి హాని. నోట్లో పెట్టుకునే వయసువాళ్లకి ఉత్త గోధుమపిండి ముద్ద, రెండు చుక్కల నూనె చాలు. కత్తెర మొన మొండిగా ఉన్నది కొనండి. మీ పాప ఎడమచేత్తో కత్తిరిస్తుంటే చెయ్యి మార్పించకండి. మామూలు కత్తెరలు కుడిచేతికి తగ్గట్టు ఉంటాయి, తెగకపోవడం పాప తప్పు కాదు. ఎడమచేతి కత్తెరలు దొరుకుతాయి.

మీరు ఎంత సాయం చేయాలని చాలామంది అడుగుతారు. నిప్పు, సూది, మిక్సీ మీవి. మిగతావి వాళ్లవి. అంచు సరిచేద్దామని మీ చెయ్యి ముందుకు వెళ్తుంది, నాకూ వెళ్తుంది. అప్పుడు ఆ చేతికి టీ కప్పు ఇవ్వండి. బొమ్మ పూర్తయ్యాక "ఇదేంటి? ఏనుగా?" అని అడిగితే, అది కుక్క అయితే వాళ్ల మొహం చిన్నబోతుంది. "దీని గురించి చెప్పు" అనండి. చాలాసేపు చెబుతారు. తెలుగులో చెబితే తెలుగులోనే విందాం, "సే ఇట్ ఇన్ ఇంగ్లిష్" అనకండి.

అన్నట్టు, పక్కింటి వాళ్లు పంపింది ఎంత బాగుందో అని వాట్సాప్ గ్రూపులో ఫోటోలు చూసి కంగారు పడొద్దు. ఈసారి గ్రూపులో ఫోటోలు పెట్టొద్దని క్లాస్ టీచర్లందరికీ చెప్పాం.

స్కూలు తెరిచిన మొదటి వారంలో ఏ రోజైనా పంపండి. దారిలో విరిగితే విరిగిన ముక్కలు కూడా కవరులో వేసి ఇవ్వండి, క్లాసులో మైదా జిగురు ఉంటుంది. అడుగున పెన్సిల్‌తో పిల్లల పేరు, చేసిన తేదీ రాయండి. పేరు వాళ్లే రాస్తామంటే, అక్షరాలు తిరగబడినా సరే, వాళ్లనే రాయనివ్వండి.