పట్టీ ఎక్కిస్తే లోడు పెరుగుతుందా? కమాన్ కట్టలపై అపోహలు – వాస్తవాలు

కోతల కాలం వచ్చిందంటే చాలు, ఆటోనగర్లలో కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) కొట్టే షెడ్ల ముందు పాత పికప్పులు బారులు తీరతాయి. డ్రైవర్లు అడిగేది ఒకటే: "అన్నా, వెనక కూర్చుండిపోయింది. అటొక పట్టీ, ఇటొక పట్టీ ఎక్కించు. ఈ సీజన్ గట్టెక్కాలి." పట్టీ ఎక్కుతుంది, బండి వెనక లేస్తుంది, ఆ సాయంత్రానికే అదనపు బస్తాలు పడతాయి. తర్వాత రోడ్డు మీద ఏదైనా జరిగితే బ్రేకు పట్టలేదంటాం, టైరు పేలిందంటాం, యాక్సిల్ విరిగిందంటాం. పట్టీ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. అందుకే పట్టీ ఎక్కిస్తే లోడు పెరుగుతుందనే ఈ నమ్మకం గురించి వివరంగా మాట్లాడుకోవాలి.

అపోహ: పట్టీ ఎక్కిస్తే బండి మోసే బరువు పెరుగుతుంది

పెరగదు. పెరిగేది కట్ట బిరుసు. ఒకే మందమున్న అయిదు పట్టీల కట్టకు అదే మందంలో ఆరోది చేరిస్తే బిరుసు సుమారు అయిదో వంతు పెరుగుతుంది. అంటే అదే బరువుకు బండి కాస్త తక్కువ దిగుతుంది, అంతే. యాక్సిల్, హబ్ బేరింగులు, రిమ్ములు, టైర్లు, బ్రేకు డ్రమ్ములు, కట్టను చాసిస్‌కి పట్టి ఉంచే హ్యాంగర్లు, వీటిలో ఏ ఒక్కటీ ఆ పట్టీతో బలపడలేదు. అన్నిటిలోకీ బలహీనమైనది ఎంత మోయగలదో బండి అంతే మోస్తుంది. నడుం పట్టేసిన హమాలీ బెల్టు బిగించుకుని ఇంకో బస్తా ఎత్తుకుంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

లెక్క చూడండి. 1,300 కిలోలు మోయడానికి తయారైన పికప్‌లో 75 కిలోల ధాన్యం బస్తాలు 17 వేస్తే 1,275 కిలోలు. బండి నిండినట్టే. పట్టీ ఎక్కించి 25 వేస్తే 1,875 కిలోలు, అంటే పరిమితి మీద 575 కిలోలు ఎక్కువ. మునుపైతే 25 బస్తాలకు బాడీ దిగిపోయి, ప్రతి గుంతకీ యాక్సిల్ బంప్ స్టాపర్ రబ్బరుకు దబ్బున కొట్టుకునేది. డ్రైవరే భయపడి నాలుగు బస్తాలు దింపించేవాడు. ఇప్పుడు బండి నిక్షేపంగా నిలబడినట్టు కనిపిస్తుంది. బరువు మితిమీరిందని చెప్పే గుర్తు ఒక్కటుంటే దాన్ని మనమే చెరిపేశాం. ప్రమాదమంతా అక్కడే ఉంది.

బ్రేకుల సంగతి ఇంకా ఘోరం. చాలా పికప్పుల్లో వెనక యాక్సిల్ దగ్గర లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది. వాల్వ్ చాసిస్‌కి బిగించి ఉంటుంది, దాన్నుంచి ఒక సన్నని కడ్డీ యాక్సిల్‌కి వెళ్తుంది. ఖాళీ బండికి గట్టి బ్రేకు వేస్తే వెనక చక్రాలు పట్టేసి బండి జారుతుంది కాబట్టి ఆ వాల్వ్ వెనక బ్రేకు ఒత్తిడి తగ్గిస్తుంది. లోడు పడి బాడీ కిందికి దిగితే కడ్డీ కదిలి ఒత్తిడి పెరగనిస్తుంది. పట్టీ ఎక్కించి బాడీని దిగనివ్వకపోతే, దాదాపు రెండు టన్నులు మోస్తున్నా వాల్వ్ లెక్కలో బండి సగం ఖాళీయే. వెనక బ్రేకు అరకొరగా పడుతుంది, భారమంతా ముందు చక్రాలు మోయాలి. ఘాటు దిగేటప్పుడు డ్రైవరు పెడల్ మీద నిలబడినా బండి ఆగాల్సిన చోట ఆగదు. కట్టలో మార్పు చేసిన రోజే ఈ వాల్వ్ సెట్టింగ్ కూడా సరిచూడాలి. మనవాళ్లలో ఆ మాట అడిగేవాళ్లే అరుదు.

ఎక్కించే పట్టీ అయినా సరైనదా అంటే అదీ కాదు. లారీ కట్టలోంచి తీసిన పాత పట్టీని కోసి పికప్‌లో దూర్చడం మామూలైపోయింది. మందం రెట్టింపైతే ఆ పట్టీ బిరుసు ఎనిమిది రెట్లవుతుంది. పక్క పట్టీలతో సమానంగా వంగాలంటే దాని మీద పడే ఒత్తిడీ రెట్టింపవుతుంది. వంపు కలవకపోతే పట్టీలు బరువు పంచుకోవు, కొత్త పట్టీ కొస ఆనే చోట పై పట్టీ విరుగుతుంది. ఒకసారి బండి కిందికి వంగి యూ బోల్టు చివర చూడండి. కట్ట మందం పెరిగింది, బోల్టు మాత్రం పాతదే. నట్టు బయట ఒక్క మర కూడా మిగలదు, కొన్ని బండ్లకు నట్టు సగమే ఎక్కి ఉంటుంది. యాక్సిల్‌ని కట్టకు పట్టి ఉంచేది ఆ నట్లే.

వేబ్రిడ్జి మీద లెక్కకొచ్చేదీ ఆర్‌సీలో రాసిన బరువే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపై ఎక్కువున్న ప్రతి టన్నుకు 2,000 చొప్పున జరిమానా. ఎక్కువైన సరుకు దింపించే ఖర్చు కూడా మనదే.

అపోహ: కమాన్ కొట్టిస్తే కొత్త కట్టతో సమానం

సమానం కాదు. అయితే ఇందులో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. చెయ్యి తిరిగిన మేస్త్రి కట్ట విప్పి, పగుళ్లున్న పట్టీలు పక్కనపెట్టి, మిగతావాటిని కాల్చకుండా చల్లగానే కొట్టి, ఒకదానికొకటి కలిసేలా వంపు తెస్తే బండి లేస్తుంది. తేలికపాటి లోడుతో ఊరి చుట్టుపక్కల తిరిగే పాత బండికి అది కొన్నాళ్లు పనికొస్తుంది. కొత్త కట్టలకు డబ్బు సర్దుబాటు కాని యజమానిని తప్పుపట్టలేం. కానీ అలసిన ఉక్కు మళ్లీ దిగుతుంది, ఆ సంగతి తెలిసే కొట్టించుకోవాలి.

గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచడం మాత్రం వద్దే వద్దు. ఫ్యాక్టరీలో పట్టీని బాగా ఎర్రగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడి మీద పదును సరిచేస్తారు. మంట తగిలిన చోట ఆ పదును పోతుంది. నెమ్మదిగా చల్లారితే మెత్తబడి వంగిపోతుంది, నీళ్లు పోస్తే పెళుసెక్కి విరుగుతుంది.

ఒక్క మాటలో తేలిపోయేవి

విరిగిన పట్టీకి వెల్డింగ్ చాలు: చాలదు, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది.

ఒక పక్క దిగితే ఆ పక్కే మార్చాలి: రెండు పక్కలా జతగా మార్చాలి.

షాకబ్జర్లు మారిస్తే బండి లేస్తుంది: అవి ఊపును ఆపేవి, బరువు మోసేవి కావు.

పట్టీలకు వాడేసిన ఇంజనాయిల్ పోస్తే మంచిది: మట్టి పేరుకుంటుంది, రబ్బరు బుష్‌లు చెడిపోతాయి.

మరేం చేయాలి?

ముందు కొలవండి. ఖాళీ బండిని సమమైన నేల మీద నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, చక్రం మధ్య నుంచి పైనున్న బాడీ అంచు దాకా రెండు పక్కలా టేపు పెట్టండి. తేడా కనిపించగానే కట్ట మీదికి నెట్టేయకండి. షాకిల్ బుష్‌లు అరిగి ఉండొచ్చు, సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరిగి ఉండొచ్చు. పట్టీల్లో పగులు కనిపించినా, ఖాళీ బండికే బంప్ స్టాపర్ సందు బాగా తగ్గిపోయినా కట్టలు మార్చే వేళ వచ్చినట్టే.

మీ బండి మోడల్, ఆర్‌సీలోని బరువు చెప్పి దానికి తగిన కట్టలే కొనండి. యూ బోల్టులు, సెంటర్ బోల్టు, బుష్‌లు కూడా కొత్తవే వేయించండి. షాకిల్ బోల్టుల చివరి బిగింపు బండి జాకీల మీంచి దిగి బరువు చక్రాల మీద పడ్డాకే జరగాలి, లేకపోతే రబ్బరు బుష్‌లు మెలి తిరిగి తొందరగా చిరుగుతాయి. కొత్త కట్ట పట్టీలు సర్దుకుంటాయి కాబట్టి వెయ్యి కిలోమీటర్లు తిరిగేలోపే యూ బోల్టులు మళ్లీ బిగించాలి. వెనక ఎత్తు మారింది గనక హెడ్‌లైట్లు కూడా సరిచేయించండి.

ఎక్కువ సరుకుంటే రెండు ట్రిప్పులు వేయండి. కిరాయి బస్తా లెక్కన ఇచ్చే వ్యాపారులూ ఒకే ట్రిప్పులో అంతా పంపమని ఒత్తిడి చేయడం మానాలి. మేస్త్రులకూ ఒక విన్నపం: పట్టీ ఎక్కించమని ఎవరైనా వస్తే స్పానర్ అందుకునే ముందు ఎంత లోడు వేస్తున్నావని అడగండి. జవాబు ఆర్‌సీలో ఉన్నదానికంటే ఎక్కువైతే ఆ పని ఒప్పుకోకండి.