యూనియన్ లీడర్‌కు డ్యూటీ జీతం ఎందుకియ్యాలి? ఆస్టిన్ ఫైర్‌మెన్ కేసు, మన ఆర్టీసీ కథ

నాది చిట్యాల. హైవే మీదున్న నల్గొండ చిట్యాల కాదు, భూపాలపల్లి జిల్లా చిట్యాల. 2019 దసరా గుర్తుందా? అక్టోబర్ 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది, మూడు రోజులకే పండుగ. హైదరాబాద్ నుంచి ఊరికి రావడానికి నేను పడ్డ తిప్పలు నాకే తెలుసు. సుమారు 48 వేల మంది సమ్మె, 52 రోజులు నడిచింది. అది ముగియగానే, నవంబర్ చివర్లో మేనేజ్‌మెంట్ ఒక ఆర్డర్ తీసింది: యూనియన్ నాయకుల డ్యూటీ రిలీఫ్ రద్దు.

రిలీఫ్ అంటే ఏంది? యూనియన్ లీడర్ అయిన డ్రైవర్ స్టీరింగ్ పట్టకుండా యూనియన్ పని చూసుకుంటాడు. జీతం మాత్రం సంస్థే ఇస్తుంది.

"పని చేయకుండా జీతమా? మన టికెట్ పైసలతోనా?" అని అప్పుడు నేను కూడా అన్న. సరిగ్గా ఇదే ప్రశ్న అమెరికాలో ఫైర్‌మెన్ మీద కోర్టుకెక్కింది. అది కూడా మన తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్లు బాగా ఉండే ఆస్టిన్‌లో.

2017లో ఆస్టిన్ నగరం, ఫైర్‌మెన్ యూనియన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. అందులో యూనియన్ పనికి ఏడాదికి 5,600 గంటల పెయిడ్ లీవ్ ఉంది. వారానికి 40 గంటల చొప్పున ఒక మనిషికి ఏడాదికి 2,080 గంటలు. అంటే ఇది ఇద్దరు ముగ్గురి పనంత. ప్రజల సొమ్మును ఊరికే పంచొద్దని టెక్సాస్ రాజ్యాంగంలో ఉంది కదా, ఇది ఆ దానమే అని ట్యాక్స్ కట్టేవాళ్లు కేసు వేశారు. 2024 జూన్ 28న టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ లీవ్ చెల్లుతుందని తీర్పిచ్చింది. ఎందుకంటే అది ఊరికే ఇచ్చింది కాదు, రెండు వైపులా ఇచ్చిపుచ్చుకుని రాసుకున్న ఒప్పందంలో భాగం.

అయితే అదే ఏడాది ఆరిజోనా సుప్రీంకోర్టు ఫీనిక్స్ నగర కార్మికులకున్న ఇలాంటి ఏర్పాటునే కొట్టేసింది. దానివల్ల లాభం యూనియన్‌కే తప్ప ప్రజలకు సరిపడా ఏమీ దక్కట్లేదంది. అంటే "యూనియన్‌కు ఇచ్చారా లేదా" ఒక్కటే చూస్తే సరిపోదు. బదులుగా జనానికి ఏమొస్తుంది అన్నదే అసలు లెక్క.

మరి జనానికి ఏమొస్తుంది? మీరు 101కి ఫోన్ చేస్తే వచ్చే ఫైర్‌మన్‌నే తీసుకోండి. పొగలోకి దిగేటప్పుడు పెట్టుకునే మాస్క్ పాడైపోయింది. కొత్తగా చేరిన పిల్లగాడు పై ఆఫీసర్‌కు ధైర్యంగా చెప్పగలడా? అతని తరఫున చెప్పేవాడికి టైమ్ ఉండాలి, జీతం పోతుందన్న భయం ఉండొద్దు. ఆర్టీసీలో కూడా అంతే. డ్రైవర్‌కు చార్జిషీట్ వస్తే పక్కన నిలబడే లీడర్ ఆ టైమ్‌లో రూట్ మీద ఉంటే ఎవరికి లాభం?

రిలీఫ్ పేరుతో తిరిగేవాళ్లు ఉండరా అంటే, ఉంటారు. దానికి మందు లెక్క రాయడం. మన కేంద్ర ప్రభుత్వ రూల్స్‌లో గుర్తింపు ఉన్న సంఘాల ఆఫీస్ బేరర్లకు ఏడాదికి 20 రోజుల వరకు స్పెషల్ క్యాజువల్ లీవ్ ఉంది. హద్దు క్లియర్‌గా ఉంది కదా!

ఎన్ని గంటలు, ఏ పనికి, లెక్క ఎవరికి చెప్పాలి: ఈ మూడూ కాగితం మీద ఉంటే అది హక్కు. లేకపోతే అది సార్ దయ. దయ అయితే ఒక్క ఆర్డర్‌తో పోతుంది.

మీ ఇంట్లో ఆర్టీసీ వాళ్లో, సింగరేణి వాళ్లో ఉంటే ఇవాళే అడగండి: మీ లీడర్ గంటల లెక్క మీకు ఎప్పుడైనా చూపించారా?