గట్టిపడిన ఎముక – కనబడని వేదన

ఎముక ఎంత గట్టిగా ఉంటే మనిషి అంత బలవంతుడని లోకం భావిస్తుంది. కానీ ఎముక గట్టిపడిన కొద్దీ మనిషిని కుంగదీసే వ్యాధి ఒకటి ఉంది. అదే ఫ్లోరోసిస్. మనదేశంలో ఈ వ్యాధిని గురించి జరిగిన తొలి వైద్యపరిశోధనలలో ఒకటి 1937లో వెలువడింది. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామాలే దానికి ఆధారం. తరువాతి కాలంలో నల్లగొండ జిల్లా పేరు వినగానే ఈ వ్యాధి గుర్తుకు వచ్చే దుస్థితి ఏర్పడింది.

గ్రానైటు వంటి శిలలలో ఫ్లోరిన్ కలిగిన ఖనిజాలు ఉంటాయి. భూగర్భజలం ఆ శిలల పగుళ్లలో చిరకాలం నిలిచి, వాటిని కొద్దికొద్దిగా కరిగించుకొంటుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగేవారి ఎముకలలో అది పేరుకొంటుంది. ఎండలో శ్రమించే రైతుకూలీలు ఎక్కువ నీరు తాగుతారు కనుక వారికి ముప్పు అధికం. ఆ నీటిని చూచి గాని, రుచి చూచి గాని ఈ దోషాన్ని గుర్తించలేము. కాచినా అది తొలగదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది.

కాల్షియం, ఫాస్ఫేట్‌లతో ఏర్పడిన సూక్ష్మస్ఫటికాలు ఎముకకు గట్టిదనాన్ని ఇస్తాయి. ఫ్లోరైడ్ ఆ స్ఫటికాలలో చేరినప్పుడు ఎముక దట్టమవుతుంది. అయినా బలం పెరగదు, పైగా పెళుసుబారుతుంది.

ఈ మార్పు నొప్పిగా పరిణమించడానికి కారణాలు పలు విధాలు. ఎముకను కప్పి ఉండే పలుచని పొరలో నాడులు విస్తారంగా ఉంటాయి. ఎముకపై కొత్త పెరుగుదలలు ఏర్పడినప్పుడు ఆ పొర నొప్పికి గురవుతుంది. ఎముకలను కలిపే సంధిబంధనాలలోను, కండరాలను ఎముకలకు బిగించే స్నాయుబంధనాలలోను సున్నపు లవణాలు చేరి వాటి సాగే గుణం తగ్గుతుంది. బిగుసుకొన్న కీలును కదిలించడానికి కండరాలు అధికంగా శ్రమించి అలసిపోతాయి. వెన్నుపూసల మధ్య మార్గాలు ఇరుకైనప్పుడు నాడులు నలిగి తిమ్మిర్లు పుడతాయి. వెన్నుపాముపై ఒత్తిడి తీవ్రమైతే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది.

గమనించదగిన విషయం ఒకటి ఉంది. వంగిన నడుము, మెడ తిప్పలేని స్థితి లోకానికి కనబడే లక్షణాలు. కాని అవి కనబడడానికి ఎంతో ముందే నొప్పి మొదలవుతుంది. ఆ దశలో ఎక్స్‌రేలో సైతం స్పష్టమైన మార్పు కనబడకపోవచ్చు. అందువల్ల కొందరు దానిని సాధారణమైన కీళ్లవాతంగా భావిస్తారు. మరికొందరు పనికి వెనుదీసే సాకుగా పరిగణిస్తారు. రోగికి దేహబాధ ఒకటైతే, తన బాధను నమ్మేవారు లేకపోవడం రెండవ బాధ. నిజానికి ఆ తొలి నొప్పి శరీరం చేసే హెచ్చరిక. అప్పుడే నీటిని పరీక్షింపజేసి మార్చుకొంటే వ్యాధి ముదరకుండా ఆపవచ్చు. ఎముకలు వంగిన తరువాత వాటిని పూర్వస్థితికి తెచ్చే మందు లేదు.

ఎదిగే పిల్లలకు ఈ వ్యాధి మరింత ప్రమాదకరం. ఆహారంలో కాల్షియం కొరవడితే ముప్పు పెరుగుతుంది. ఫ్లోరోసిస్ పీడిత ప్రాంతాలలోని పిల్లలలో మోకాళ్లు లోపలికి వంగే వైకల్యాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో వివరించారు.

నొప్పి మాత్రలు తాత్కాలికంగా ఉపశమనం ఇస్తాయే కాని కారణాన్ని తొలగించలేవు. సురక్షితమైన నీరే ప్రధాన చికిత్స. పాలు, ఆకుకూరలు, రాగులు వంటి ఆహారం, వైద్యుల సలహాతో చేసే తేలికపాటి వ్యాయామం తోడ్పడతాయి. పటిక, సున్నం ఉపయోగించి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానం ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం నదీజలాలను గ్రామాలకు చేర్చింది. అయితే కొత్త నీరు రాబోయే తరాన్ని కాపాడగలదు గాని, ఇప్పటికే బిగుసుకొన్న కీళ్లను సడలించలేదు. అట్టివారికి వైద్యంతోపాటు సమాజం ఆదరణ కూడా అవసరం. వంగిన నడుమును చూచి జాలిపడడం సులభం. నిటారుగా నిలిచిన మనిషి నొప్పి అన్నప్పుడు నమ్మడమే నిజమైన మానవత్వం. ఆ నమ్మకమే సకాలచికిత్సకు తొలిమెట్టు.