పాత కారు వేగసూచికను విప్పి బిగించుట

పాత మోటారుకారును ఇంట భద్రపరచుకొన్నవారికి దాని మీటర్లను చూచినపుడెల్ల చేతులు దురదపెట్టుచుండును. గాజు మసకబారినది, అంకెలపై దుమ్ము చేరినది. విప్పి తుడిచిన సరిపోవును గదా యని తోచుట సహజము. తుడుచుట సులభమే. బిగించిన పిదప ముల్లు నిజము చెప్పునా యన్నదే ప్రశ్న. పనిచేయని మీటరును ఎవరును నమ్మరు. ఎనుబదిలో పోవుచుండగా అరువది చూపు మీటరును మాత్రము అందరును నమ్ముదురు.

2014 వరకు తయారైన అంబాసిడరు మొదలగు కార్లలోని వేగసూచికకు మూలమైన పద్ధతికి ఆటో షుల్జె 1902లో పేటెంటు పొందెను. గేరుపెట్టె నుండి వచ్చు కేబులు ఒక చిన్న అయస్కాంతమును త్రిప్పును. దానిని తాకకుండ అల్యూమినియపు రేకు ఒకటి గిన్నెవలె బోర్లించి యుండును. అయస్కాంతము తిరుగునపుడు రేకులో సుడి విద్యుత్ప్రవాహములు పుట్టి, దానిని తమవెంట లాగజూచును. వెంట్రుకవంటి స్ప్రింగు వెనుకకు లాగును. ఈ రెండును సరితూగిన చోట ముల్లు నిలుచును. కనుక ఆ స్ప్రింగు ఏ కొంచెము వంగినను లెక్క తప్పును.

విప్పుటకు ముందు ఒక హెచ్చరిక. చీకటిలో వెలుగుటకై పూర్వము కొన్ని మీటర్ల అంకెలకు రేడియము కలిసిన రంగు పూసెడివారు. వెలుగు ఏనాడో పోయి యుండవచ్చును, రేడియము పోదు. దాని అర్ధాయువు సుమారు 1600 సంవత్సరములు. అంకెలపై గోధుమవన్నె తిరిగిన మందపు పూత కనిపించినచో ఆ మీటరును తెరువకుండుటే మేలు. ఆ పూతను గీకిన రేగు ధూళి ఊపిరితో లోనికి పోవును.

అట్టి పూత లేనిచో, మొదట బ్యాటరీ తీగను ఊడదీయవలెను. మీటరును బయటికి తీసి, గాజును పట్టియుంచు రింగును మెల్లగా త్రిప్పగా, చాలవాటిలో దాని కొక్కెములు గాళ్ళకు ఎదురుగా వచ్చి ఊడివచ్చును. మొరాయించిన రింగును స్క్రూడ్రైవరుతో పెకలించుట అవివేకము.

ఇక ముల్లు. అది సాధారణముగా సున్నావద్ద ఒక చిన్న మేకుకు ఆనియుండును. అదే దాని సహజస్థానమని భ్రమపడరాదు. స్ప్రింగు దానిని మేకుమీదికి అదిమి పట్టియున్నది. ముల్లును సుతారముగా మేకుపై నుండి దాటించి వదలినచో, అది ఇంకను వెనుకకు పోయి స్వేచ్ఛగా నిలుచును. ఆ తావును అంచున అంటించిన కాగితముపై పెన్సిలుతో గుర్తింపవలెను. ఈ గుర్తు లేక ముల్లు తీసినవారు మరల దానిని ఎక్కడ పెట్టవలెనో ఎరుగక చిక్కుపడుదురు. పిమ్మట అంకెల పలకపై అట్టముక్క పరచి, రెండు టీచెంచాలను ముల్లు మొదటికి ఇరుప్రక్కల ఆనించి, సమముగా పైకెత్తవలెను. మెలిపెట్టి లాగినచో స్ప్రింగు దక్కదు. అంకెలను మెత్తని పొడి కుంచెతోనే తుడువవలెను. స్పిరిటు అంకెలనే తినివేయవచ్చును. తిరిగి బిగించునపుడు ముల్లును గుర్తువద్దనే నిలిపి నొక్కి, తరువాత మేకు దాటించవలెను.

కొన్ని మీటర్ల ముఖముపై సన్నని అక్షరములలో ఒక సంఖ్య యుండును. అది 1000 అయినచో, కేబులు వేయి చుట్లు తిరిగిన ఒక మైలన్నమాట. అనగా నిమిషమునకు వేయి చుట్ల వేగమున ముల్లు 60 మైళ్ళు చూపవలెను. రోడ్డుమీద పరీక్షింపగోరువారు 37 మైళ్ళవద్ద ముల్లు నిలిపి కిలోమీటరు రాళ్ళను చూచుకొనవచ్చును. రాయికి రాయికి సుమారు ఒక నిమిషము పట్టవలెను. గడియారము చూచుట ప్రక్కన కూర్చున్నవారి పని, నడుపువాని పని కాదు. నేడు చేతిఫోనులోని ఉపగ్రహ సాధనము ఈ శ్రమను తగ్గించినది. తేడా కనిపించినచో స్ప్రింగును సవరింపబూనక, మీటర్ల పని తెలిసినవానికి అప్పగించుట మంచిది.

కేబులుకు గ్రీజు పూయునపుడు పైకొసన అరడుగు మేర పొడిగా తుడిచి విడువవలెను. అచటి గ్రీజు మెల్లమెల్లగా ఎగబ్రాకి మీటరులోనికి చేరి, శ్రమపడి శుభ్రపరచిన ముల్లును మరల అంటుకొనజేయును.