టైరు దీపం వెలిగితే ముందు గాలి చూడాలి

చంద్రగిరి: తిరుపతి నుంచి పీలేరు పోయే కార్లు రంగంపేట దాటాక భాకరాపేట కనుమ ఎక్కవలసి వుంటుంది. అంతలో డాష్‌బోర్డు మీద గుర్రపు నాడా ఆకారంలో పసుపు దీపం వెలిగితే, "సెన్సార్ చెడింది, పోనీ" అనేవారే ఎక్కువ. ప్రమాదం అక్కడే వున్నది.

దీపం వెలిగి అలాగే నిలిస్తే ఏదో ఒక టైరులో గాలి తగ్గినట్లు. బండి తీయగానే నిమిషంపాటు మిణుకుమని ఆ తరువాత నిలిస్తే సెన్సార్‌లో లోపమున్నట్లు. చాలా కార్లలో ఇదే లెక్క. గాలి తగ్గిన టైరుతో కనుమ ఎక్కితే అది వేడెక్కి పగలవచ్చు. సెన్సార్లు, రిపేరు కిట్ వున్న ట్యూబ్‌లెస్ టైర్ల కార్లకు స్టెప్నీ అక్కరలేదని కేంద్రం 2020లో సడలింపు ఇచ్చింది. స్టెప్నీ లేని బండికి ఈ దీపమే దిక్కు.

గాలి పొద్దున్నే, టైరు చల్లగా వున్నప్పుడు చూడాలి. ఎంత పట్టించాలో డ్రైవరు తలుపు వద్ద అంటించిన చీటీలో వుంటుంది. టైరు మీద అచ్చయిన అంకె గరిష్ఠ పరిమితి, అంత కొట్టించరాదు. చలికాలం తెల్లవారుజామున వెలిగిన దీపం ఎండెక్కాక ఆరిపోవచ్చు. పది డిగ్రీలు చల్లబడితే సుమారు రెండు పాయింట్ల గాలి పడిపోతుంది మరి! ఆరింది కదా అని వదలక గాలి పట్టించుకోవాలి.

సెన్సార్ చక్రం లోపల, వాల్వు మొదట్లో వుంటుంది. దాని బ్యాటరీ అయిదు నుంచి పదేళ్ళు వస్తుంది. అయిపోతే చాలావాటిలో సెన్సార్‌నే మార్చాలి. టైరు వూడదీసేటప్పుడు లివరు తగిలి విరగడమూ వున్నది కనుక పంచరు కొట్టులో ముందే చెప్పడం మంచిది. కొత్తది బిగించాక దాని నెంబరును కారు కంప్యూటర్‌కు ఎక్కించాలి.

కొన్ని కార్లలో ఈ సెన్సార్లే వుండవు. చక్రాలు తిరిగే వేగాన్నిబట్టి గాలి తగ్గినట్లు పసిగడతాయి. వాటిలో గాలి పట్టించాకే రీసెట్ నొక్కాలి. ముందే నొక్కితే తగ్గిన గాలినే సరైనదిగా కారు గుర్తుపెట్టుకుంటుంది.